పక్క సీటు

చిత్తూరు కోర్టు మెట్లు పద్నాలుగు.
మొగిలేశ్వరి ఎడమ చెయ్యి గోడకానించి ఎక్కుతుంది.
నేను కుడిపక్కన, ఒక మెట్టు వెనక.
ముందు నడవకూడదని ఎవరూ చెప్పలేదు.
ఇరవై ఆరేళ్లు పల్లెవెలుగు బస్సులో కండక్టరుగా చేసినదాన్ని,
ఎక్కేవాళ్ల వెనక ఎక్కడ నిలబడాలో కాళ్లకే తెలుసు.

వకీలును కాను నేను.
లోపల నోరు తెరిచే హక్కు లేదు.
తెలిసినవన్నీ చిల్లర సంగతులు:
ఆడోళ్ల మరుగుదొడ్డి తాళం
స్వీపరు కన్నెమ్మ రొంటిన ఉంటుందని,
పదకొండు దాటితే జెరాక్సు అంగడి ముందు తిరునాళ్లని,
బంట్రోతు పేరు మూడుసార్లే పిలుస్తాడని,
మూడోసారికీ గొంతు పెగలకపోతే
చెయ్యెత్తినా చాలని.

వాళ్లు వస్తారు.
ఆయన తెల్లచొక్కా, ఇస్త్రీ మడతలు ఇంకా విరగలేదు.
మా ముందు నుంచి పోతూ ఒక్కసారి దగ్గుతాడు.
ఉత్త దగ్గే.
మొగిలేశ్వరి మోకాలు అదరడం మొదలవుతుంది.
నేను లేచి, బెంచీకి ఆ చివర కూర్చుంటాను.
ఆమెకూ ఆయనకూ మధ్య
ఒక లావుపాటి ముసలిదాని అడ్డం.
నా సేవ అంతే, దానికి ఇంకో పేరు లేదు.

అత్త గోడకు చెప్పినట్టు చెప్తుంది:
"కాణిపాకానికి రమ్మను!
నా కొడుకు కొట్టినాడని
తడిగుడ్డల్తో దేవుని ముందర ప్రమాణం చెయ్యమను!"
మొగిలేశ్వరి నేలవైపే చూస్తూ,
"నేనెప్పుడో రెడీ అత్తా.
ఆయప్పను తడుపుకోని రమ్మను."

కానీ లోపలికి తడిగుడ్డలు చాలవు.
లోపల తేదీ కావాల.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి
తేదీలెట్లా ఉంటాయి?
"బేనీషా అయిపోయి తోతాపురి దిగినప్పుడు మొదట.
బాయిలరు చెడిపోయిన రాత్రి రెండోది."
మూడు ఆదివారాలు మా ఇంటి అరుగు మీద
కాయల్ని క్యాలెండరులోకి దించినాం.
నా పాత వేబిల్లుల వెనక రాసుకున్నాం.
చెయ్యి విరిగిన రోజు దగ్గర
పెన్ను నేనే పట్టుకోవాల్సి వచ్చింది.

నడుమ ఒక వాయిదాకు ఆమె రాలేదు.
మూడు పిలుపులూ నేనొక్కదాన్నే విన్నాను.
సాయంత్రం బస్టాండులో కనపడింది, ఆయన పక్కన,
తల్లో కనకాంబరాలు.
కోపం రాలేదంటే అబద్ధం.
మదనపల్లె బస్సు టైములు రెండుసార్లు చదివినాను,
నాకు పోవాల్సిన ఊరు కాదది.
నాలుగు నెలలకు పసుపు సంచిలో ఎక్స్‌రే పెట్టుకొని
మా వాకిట్లో నిలబడింది.
ఎందుకు దిగినావని ఏ కండక్టరూ అడగదు.
మళ్లీ టికెట్టు కొడుతుంది.

ఈ పొద్దు బోనెక్కింది.
"ఏ తేదీ అమ్మా? తేదీ చెప్పు!"
అవతలి వకీలు గొంతులో ముందే నవ్వు.
ఆమె వెనక్కి తిరిగి నాకోసం వెతికింది.
తల ఊపకూడదు నేను.
చూపు ఫ్యాను మీద పెట్టి కూర్చున్నాను,
రెక్కల మీద దుమ్ము, అదీ తిరుగుతా ఉంది.

"జూను పద్నాలుగు. బుధవారం."
ఆగింది.
"ఆ పొద్దే నాకు తొలి కూలి ఇచ్చినారు సార్.
నూటపది రూపాయలతో
నాకని చెప్పులు కొనుక్కున్నా."

చెప్పుల సంగతి వేబిల్లులో లేదు.
నాకూ చెప్పలేదు, అన్ని ఆదివారాల్లో.
టైపిస్టు చేతులు ఒక్క క్షణం నిలిచినాయి,
మళ్లీ కదిలినాయి.

మిగతా క్రాసు వచ్చే నెల ఇరవై రెండుకు.
గెలుపూ లేదు, ఓటమీ లేదు, వాయిదా.
బయట చెరుకురసం తానే ఇప్పించింది,
చిల్లర కూడా లెక్కపెట్టి తీసుకుంది.

బంగారుపాళ్యం బస్సు నిండా జనం.
బాగున్న చేత్తో కడ్డీ పట్టుకొని నిలబడింది.
నోటిదాకా వచ్చింది నాకు, రైట్ రైట్ అని.
మింగినాను.
ఫుట్‌బోర్డు మీద పిల్లోడున్నాడు, అది వాడి పని.

రేపు పులిచెర్ల నుంచి ఇంకొకామె.
మొదటి వాయిదా, చంకలో బిడ్డ అంట.
కన్నెమ్మకు రేపు సెలవు.
మరుగుదొడ్డి తాళం
ఈ పొద్దే అడిగి తెచ్చుకున్నాను.